కొరివి దయ్యమునకు జోస్యము తెలియదు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా స్థిరపడియున్న తెలుగు కుటుంబములకు మూడు భాషల నడుమ బ్రతుకుట క్రొత్త కాదు. ఇంటిలో తెలుగు, సంతలో తమిళము, సరిహద్దు దాటి నాలుగడుగులు వేసినచో కన్నడము. ఏ బడిలో ఏ భాష చెప్పవలయును, ఏ బోర్డుపై ఏ లిపి ముందుండవలయును అను విషయములలో ఈ మూడు భాషలవారికిని ఏకాభిప్రాయము కుదిరిన దినమును మేము ఎరుగము. కాని ఒక్క విషయమున మాత్రము మువ్వురును ఏకమై యున్నారు. రాత్రివేళ చెరువుగట్టు దాపున గాని, వంకలో గాని, శ్మశానపు ప్రక్కన గాని నీలముగనో పచ్చగనో ఒక వెలుగు కదలాడినచో, తెలుగువారు దానిని కొరివి దయ్యమందురు. కన్నడిగులు కొళ్ళి దెవ్వ అందురు. తమిళులు కొళ్ళివాయ్ పిశాచు అందురు. కొరివి యన్నను, కొళ్ళి యన్నను మండుచున్న కట్టెయే. తండ్రికి కొడుకు పెట్టు తలకొరివిలోని కొరివియే ఇది. పేరులోనే శ్మశానము ఉన్నది గనుక, వెలుగు కనబడినంతనే చావు తలపునకు వచ్చుటలో ఆశ్చర్యము లేదు.

చీకటిలో తెలియని వస్తువును చూచినప్పుడు గుండె ఝల్లుమనుట మనుష్య సహజము. దానిని మేము తప్పు పట్టుట లేదు. మా కలహము భయముతో కాదు, భయము వెనుక వచ్చు జోస్యముతో. ఆ వెలుగు ఏ దిక్కుగా పోయిన ఆ దిక్కున చావు తప్పదందురు. ఏ ఇంటి యెదుట ఆగిన ఆ ఇంటికి కీడు మూడినదందురు. చుక్క రాలినచో ఎవరో పెద్దప్రాణము పోయినదందురు. తోకచుక్క పొడిచినచో రాజ్యమునకు అరిష్టమందురు. ఇవన్నియు అవ్వల నోటి కథలుగా ఉన్నంతవరకు వినసొంపుగనే యుండును. కథ తీర్పుగా మారి, ఒక ఇంటి గడపను వ్రేలితో చూపినప్పుడు మాత్రము అది కథ కాదు, అపవాదము.

మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఒక్కటే. వెలుగు అబద్ధము కాదు; వెలుగునకు కట్టిన శకునము అబద్ధము. వెలుగు ఏదైనను చెప్పినచో, తన క్రిందనున్న నేలను గూర్చియు, నీటిని గూర్చియు చెప్పును గాని, ఎదుటనున్న ఇంటిని గూర్చి చెప్పదు. ఆ చెప్పునది వినక, చెప్పనిదానిని విన్నట్లు నటించుటయే మన ఆచారమైనది.

మొదట చెరువు దగ్గరకే పోదము. చెరువు అడుగున ఆకులు, నాచు, గడ్డి, చచ్చిన పురుగులు బురదలో చిక్కుకొని గాలి తగులక కుళ్ళును. కంటికి కనబడని సూక్ష్మజీవులు వానిని తిని మీథేను అను వాయువును విడుచును. ఎండకాలమున నీరు ఇంకి బురద బయటపడినప్పుడు, ఆ బురదలో కాలు పెట్టినచో బుడబుడమని బుడగలు లేచుట మన పల్లెలలో చూడనివారు లేరు. 1776లో ఇటలీ దేశీయుడగు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున ఇట్టి బురదను కదిలించి, పైకి వచ్చిన బుడగలను పాత్రలో పట్టి, నిప్పు తగిలించి, అది మండు వాయువని నిరూపించెను. నేడు మన ఇండ్లలోని విద్యుత్తును కొలుచు వోల్టు ఈతని పేరే.

ఇంత దూరము పోనక్కరలేదు. గోబరు గ్యాసు తొట్టి ఏమి చేయుచున్నది? పేడను నీళ్ళతో కలిపి, గాలి చొరకుండ మూసినచో, అదే సూక్ష్మజీవి అదే మీథేనును ఇచ్చుచున్నది. గొట్టము గుండ వంటయింటికి వచ్చి నీలముగ మండి అన్నము వండుచున్నది. 1981లో ప్రభుత్వమువారు దేశవ్యాప్తముగ ఇట్టి తొట్ల నిర్మాణమునకు ఒక పథకమునే ఆరంభించిరి. చెరువులో ఉన్నప్పుడు దయ్యము, పొయ్యిలో ఉన్నప్పుడు గ్యాసు! పొయ్యి వెలిగించిన ఇల్లాలు, 'ఈ మంట ఉత్తరము వైపు వంగినది, ఉత్తరపు వీధిలో ఎవరో పోవుదురు' అని ఏనాడును అనలేదు. ఒకే వాయువునకు రెండు న్యాయములేల?

ఇచట ఒక ప్రశ్న వచ్చును. పొయ్యికి అగ్గిపుల్ల గీసినవారు కలరు. చెరువులో ఎవరు గీసిరి? ప్రశ్న సమంజసమైనదే. మీథేను తనంతట తాను అంటుకొనదు. అందుచేత శాస్త్రజ్ఞులు మరియొక వాయువును అనుమానించిరి. ప్రాణుల ఎముకలలోను, మాంసములోను భాస్వరము కలదు. దానిని 1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది మూత్రమును మరగించి మరగించి కనుగొనెను. చీకటిలో మెరయుటచేతనే దానికి ఆ పేరు. మన భాస్వరము అను మాటకును ప్రకాశించునదనియే అర్థము. భాస్వరముతో కూడిన ఫాస్ఫీను జాతి వాయువులలో కొన్ని గాలి సోకగనే రాజుకొనును. కుళ్ళు నేలలో అవి పుట్టి మీథేనును అంటించుచుండునేమో యని పలువురి ఊహ. 2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ జేర్ మొదలగువారు వేరొక మార్గమును చూపిరి. నీటిలో మీథేను, గాలి కలిసిన అతిసూక్ష్మమైన బుడగలు ఒకదానికొకటి చేరువైనప్పుడు వాని నడుమ కంటికి ఆనని మెరుపులు పుట్టుననియు, ఆ మెరుపులే మీథేనును రగిలింపగలవనియు వారు ప్రయోగమున కనుగొనిరి. ఏ కారణము ఎంతపాలు అని తర్కము ఇంకను జరుగుచున్నది.

'చూచితిరా, శాస్త్రమునకే పూర్తిగ తెలియదు!' అని శకునవాది లేచి నిలుచును. అయ్యా, శాస్త్రమునకు తెలియనిది నిప్పు ఎట్లు అంటుకొన్నదను సూక్ష్మము. మీరు తెలిసినదనుచున్నది ఎదురింటి ముసలమ్మ ఎప్పుడు చచ్చునో! తెలియనిచోట తెలియదని ఒప్పుకొని వెదకుట శాస్త్రము. తెలియనిచోట పొరుగువాని చావును నింపుట శకునము. ఈ రెండింటిని ఒకే త్రాసులో పెట్టుట తగదు.

ఈ వెలుగు మనకు మాత్రమే కనబడునదియు కాదు. బంగాళమున చిత్తడి నేలలలోని జాలరులు దీనిని ఆలేయా యందురు. గుజరాతులోని కచ్ఛు సీమయందు బన్నీ గడ్డిమైదానములలో చీర్ బత్తి, అనగా దయ్యపు దీపము, అందురు. ఇంగ్లండులో లాంతరు పట్టి తిరుగు జాక్ అను దుష్టుని కథ చెప్పిరి. ఒక్కొక్క దేశమున ఒక్కొక్క జోస్యము. ఒకచోట అది దారి తప్పించును, ఒకచోట నిధిని చూపును, మనచోట చావును తెచ్చును. సాక్షి ఒక్కడే, వాంగ్మూలములు పది! ఏ కచ్చేరిలో ఇట్టి సాక్ష్యము నిలుచును? ఐరోపాలో చిత్తడి నేలలను ఎండగట్టి సాగులోనికి తెచ్చినకొలది ఆ వెలుగులును అరుదైపోయినవి. చావులు మాత్రము అరుదు కాలేదు.

రాత్రి కనబడు వెలుగులన్నియు వాయువులే యని మేము చెప్పుట లేదు. తొలకరి తరువాత తుప్పలలో మిణుగురులు గుంపులుగ వెలుగును. వాని కడుపులోని లూసిఫెరిన్ అను పదార్థము ప్రాణవాయువుతో కలిసి వేడిలేని వెలుగునిచ్చును. తడిసి కుళ్ళిన మానులపై కొన్ని జాతుల కుక్కగొడుగులును అటులే మెరయును. ఇక మన డెంకణికోట, తళి, అంచెట్టి అడవుల అంచున చలికాలమున రాగి పంట చేతికి వచ్చు దినములలో ఏనుగుల మందలు దిగును. రైతులు మంచెలపై కావలియుండి, కాగడాలతోను, టార్చిలైట్లతోను అటునిటు పరుగిడి వానిని తరుముదురు. ఆవలి గుట్టపైనుండి చూచువానికి అడవిలో వెలుగులు లేచి, కదలి, మాయమైనట్లు కనబడును. ఒక ఊరివాని నిద్రలేని రాత్రి మరియొక ఊరివానికి దయ్యమగుచున్నది. ఆ వెలుగును చూచి తాయెత్తు కట్టుకొనుటకంటె, ఆ రైతు ఏడాది కష్టము దక్కినదా లేదా యని మరునాడు విచారించుట మనుష్యత్వము.

నేలను విడిచి ఆకాశమును చూతము. ఉల్కలకును, తోకచుక్కలకును ఫలములు చెప్పుట మన దేశమున ప్రాచీనమైన విద్య. వరాహమిహిరుని బృహత్సంహితలో ఇందులకు ప్రత్యేకాధ్యాయములే కలవు. ఆ కాలమున ఆకాశమును అంత శ్రద్ధగ చూచి వర్గీకరించినందులకు ఆయనకు నమస్కరింపవలసినదే. కాని చూచుట వరకే ఆయనను అనుసరించి, లెక్కకట్టుటలో ముందుకు పోయినవారు వేరే కలరు. 1682లో కనబడిన తోకచుక్క మరల 1758లో వచ్చునని ఎడ్మండ్ హేలీ 1705లో గణించి చెప్పెను. ఆయన 1742లో మరణించెను. తోకచుక్క చెప్పిన ఏట తప్పక వచ్చెను. అదే 1910లో వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువున్నదని అమెరికాలోను, ఐరోపాలోను జనులు బెదరి, తోకచుక్క మాత్రలను కొనిరి. ఆ మే నెలలోనే ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి చనిపోవుటతో శకునము ఫలించినదని సంబరపడినవారును కలరు. 1986లో అదే చుక్క మరల వచ్చినప్పుడు ఐరోపావారి జొట్టో అను యంత్రము దాని చెంతకు, సుమారు 600 కిలోమీటర్ల దూరమునకు, పోయి ఛాయాచిత్రములు తీసి పంపెను. మరల అది 2061లో వచ్చును. తారీఖు ముందుగ తెలిసిన దానిని శకునమందుమా, పంచాంగమందుమా?

తెలుగువారికి ఈ విషయమున ఇంగ్లీషువారిని ఆశ్రయింపవలసిన పని లేదు. అదే 1910లో, జనులు తోకచుక్కను చూచి కీడెంచుచున్న దినములలో, గురజాడ అప్పారావుగారు ముత్యాల సరములు రచించి, ఆ చుక్కను అరిష్టముగ కాక సంఘసంస్కరణమునకు శుభసూచకముగ గ్రహించిరి. మన భాషలో నూతన కవిత్వపు తొలిమెట్టుగా ఎంచబడు కృతియే తోకచుక్క శకునమును త్రోసిపుచ్చిన కృతి. ఇది మనము గర్వింపదగిన విషయము. గురజాడవారి జయంతులు చేయుదుము; దండలు వేయుదుము; ఇంటికి వచ్చి చుక్క రాలినదని గుటకలు మ్రింగుదుము!

రాలు చుక్కల సంగతియు ఇంతే. ఏటేట ఆగష్టు 12, 13 తేదీల ప్రాంతమునను, డిసెంబరు 13, 14 తేదీల ప్రాంతమునను, భూమి కొన్ని ధూళి బాటలను దాటునప్పుడు చుక్కలు మెండుగ రాలును. చుక్క కొక పెద్దప్రాణము పోవునెడల ఆ రాత్రులు తెల్లవారునప్పటికి దేశమున పెద్దలెవ్వరును మిగులకుందురు. నేడు రాలు చుక్కలకు మనుష్యులు చేసినవియు తోడైనవి. 2022 ఏప్రిల్ 2వ తేదీన, శుభకృత్ నామ సంవత్సర ఉగాదినాటి రాత్రి, మహారాష్ట్ర ఆకాశమున నిప్పుల బారు ఒకటి సాగిపోయెను. పండుగనాడే ఇట్లు జరుగుటకంటె శకునవాదికి కావలసినదేమి? చంద్రపూరు జిల్లాలో పెద్ద లోహపు వలయమొకటి నేల కూలుటతో అది చైనా రాకెట్టు శకలమని ఖగోళ పరిశీలకులు తేల్చిరి. అదే సంవత్సరము డిసెంబరు 15న అగ్ని 5 క్షిపణిని పరీక్షించినప్పుడు బంగాళమున జనులు ఆకాశపు వెలుగును చూచి వింతపడిరి. ఇప్పుడు దారమున గ్రుచ్చిన పూసలవలె వరుసగ పోవు వెలుగులు కనబడుచున్నవి. అవి అమెరికా కంపెనీవారు ఇంటర్నెట్టు కొరకు పంపిన ఉపగ్రహములు. వాని ఫోటోలు మన సెల్‌ఫోనులకు వచ్చునప్పుడు క్రింద వ్రాయబడు మాటలు మాత్రము వరాహమిహిరుని కాలమునాటివే. చేతిలోని సెల్‌ఫోనులోనే ఉపగ్రహమును అరిష్టమని చదువుచున్నాము.

'అయినను, ఫలానా ఊరిలో వెలుగు కనబడిన పది దినములకే ఒకరు పోయిరి గదా' అని అడుగుదురు. దీనికి లెక్క చెప్పవలసియున్నది. మేము ఉద్యోగమున ఉన్నప్పుడు ఇన్‌వర్డు రిజిస్టరు వ్రాసినవారము. ఆ రిజిస్టరునకు మొదటి నియమము, వచ్చిన ప్రతి కాగితమును ఎక్కించుట. నచ్చినదానిని వ్రాసి, నచ్చనిదానిని డ్రాయరులో పడవేసినచో అది రిజిస్టరు కాదు. శకునవాది జ్ఞాపకము అట్టి డ్రాయరు. వెలుగు కనబడి చావు కలిగినది ఎక్కించును; వెలుగు కనబడి ఏమియు కానిది ఎక్కింపడు; వెలుగు లేకయే చావు కలిగినది అసలే ఎక్కింపడు. మన దేశమున సగటున వేయిమందికి ఏడాదికి ఆరేడు మరణములు కలుగుచున్నవి. రెండువేలమందియున్న ఊరిలో ఏటికి పన్నెండు, పదునాలుగు. అనగా సుమారు నెలకొకటి. ఏ దినమున వెలుగు కనబడినను నెల తిరుగునప్పటికి ఊరిలో ఒకరు పోవుట వింత కాదు. వెలుగు బదులు కుక్క తుమ్మినను ఆ శకునము ఫలించును.

ఇంతవరకు బుద్ధికి సంబంధించిన మాట. ఇకమీద చెప్పునది న్యాయమునకు సంబంధించినది. మా మనస్సును నొప్పించునదియు ఇదియే. వెలుగు ఎల్లప్పుడును ఎవరి ఇంటి యెదుట ఆగుచున్నది? వడ్డీవ్యాపారి మేడ యెదుట ఆగినట్లు ఎన్నడైన వింటిమా? పెత్తనదారు వాకిట నిలిచినట్లు ఎవరైన చెప్పిరా? అది ఆగునది ఒంటరి వితంతువు గుడిసె యెదుట, క్రొత్తకోడలు కాలు పెట్టిన ఇంటి యెదుట, ఊరి చివరి వాడలో. గాలికి కదలు వాయువునకు ధనిక దరిద్ర భేదము తెలియదు. చూచిన కన్నులకు తెలియును. పిమ్మట ఆ ఇంట బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లిని అనుమానింతురు. వైద్యునికి బదులు మంత్రగానిని పిలుతురు. బాణామతి, చేతబడి అను పేరులతో తెలుగు పల్లెలలో నిరపరాధులను కొట్టి చంపిన వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి. ఆ క్రౌర్యము ఒక్కదినమున పుట్టదు. 'ఆ ఇంటి మీద వెలుగు ఆగినదట' అను చిన్నమాటతోనే మొదలగును. శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనుట పౌరుల కర్తవ్యమని 1976 నాటి సవరణచే రాజ్యాంగమున 51ఎ అధికరణము చేర్చబడినది. అది కర్తవ్యమగుటకు ముందే, పొరుగింటిపై నింద వేయకుండుట సజ్జనుల ధర్మము.

'మీరు దైవభక్తికే అడ్డు వచ్చుచున్నారు' అని కొందరు పెద్దలు మమ్ము మందలింపవచ్చును. మేము దీపమునకు చేతులు జోడించువారమే. మన పొరుగుననే తిరువణ్ణామలై కలదు. కార్తీకమున ఆ కొండపైకి నేయిని, వత్తిని మోసికొనిపోయి పెద్ద కొప్పెరలో జ్యోతిని వెలిగింతురు. వెలిగించువారు మనుష్యులని చూచువారందరకును తెలియును. అంతమాత్రమున ఎవరి భక్తియైనను తరిగినదా? కన్నీళ్ళతో అరుణాచలేశ్వరుని తలంచుచునే యున్నారు. సత్యము తెలిసిన భక్తి అది.

దీనికి ప్రక్కన శబరిమలను ఉంచి చూడుడు. మన జిల్లానుండి మాలలు వేసికొని పోవువారు ఎందరో కలరు. మకర సంక్రాంతినాటి సాయంకాలము పొన్నంబలమేడు కొండపై ముమ్మారు కనబడు వెలుగు తనంతట తాను పుట్టు దివ్యజ్యోతియని లక్షలాదిమంది చిరకాలము నమ్మిరి. దానిని చూచుటకు కొండవాలులపై క్రిక్కిరిసిరి. 1999 జనవరి 14న పంప వద్ద త్రొక్కిసలాటలో ఏబదిమందికి పైగా చనిపోయిరి. 2011 జనవరి 14న పుల్లుమేడు వద్ద, జ్యోతిని చూచి మరలివచ్చునప్పుడు, నూరుమందికి పైగా చనిపోయిరి. అందులో తమిళ, కన్నడ, తెలుగు సీమలవారు అనేకులు. చాలినంత దారి, దీపములు, కాపుదల లేకపోవుట ఆ ఘోరమునకు కారణములు; దానిని మేము మరువలేదు. పిమ్మట హైకోర్టువారు అడుగగా, ఆ మకరవిళక్కును వెలిగించువారు మనుష్యులేయని తిరువాంకూరు దేవస్వము బోర్డువారు ఒప్పుకొనిరి. మకరజ్యోతి యనగా ఆ వేళ పొడుచు నక్షత్రమనియు వివరించిరి. వెలిగించుటలో దోషము లేదు. హారతి ఎక్కడైనను మనుష్యుడే ఇచ్చును. ఎవరు వెలిగించిరో ముందే చెప్పకుండుటయే దోషము. సత్యము చెప్పిన తిరువణ్ణామలైకి భక్తులు తగ్గలేదు. సత్యము బయటపడిన శబరిమలకును తగ్గలేదు. కనుక సత్యముచే భక్తి చెడునను భయము నిరాధారము.

ఇప్పుడు మన నీటి దగ్గరకు మరలి వత్తము. వెలుగు తన క్రిందనున్న నీటిని గూర్చి చెప్పునంటిమి. దానికి దృష్టాంతము మన ఎగువననే కలదు. బెంగుళూరునందలి చెరువులలో పెద్దదియగు బెళ్ళందూరు చెరువులో 2015 మే నెలలో నీటిపై పేరుకొన్న నురుగు అంటుకొని మండెను. 2017 ఫిబ్రవరి 16న చెరువునుండి మంటలు, పొగలు లేచెను. 2018 జనవరి 19న మరల మండగా వేలాది సైనికులు వచ్చి ఆర్పవలసివచ్చెను. ఎవరో చెత్తకు, ఎండుగడ్డికి నిప్పు పెట్టిరని కొందరు, మురుగులోని మీథేనే కారణమని కొందరు వాదించిరి. నగరపు మురుగు ఏండ్ల తరబడి వచ్చి చేరుటచేతనే ఆ చెరువు మండుటకు సిద్ధమైనదనుటలో ఎవరికిని వివాదము లేదు. జాతీయ హరిత ధర్మాసనమువారు 2018 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వమునకు 50 కోట్ల రూపాయలు, బెంగుళూరు నగరపాలకులకు 25 కోట్ల రూపాయలు జరిమానా విధించిరి.

ఆ నీరు ఎచటికి పోవుచున్నది? బెళ్ళందూరునుండి వర్తూరు చెరువునకు, వర్తూరునుండి దక్షిణ పినాకినికి. నంది కొండలలో పుట్టిన ఆ నదియే మన హోసూరు దాపున కెలవరపల్లి జలాశయమునకును, అచటినుండి కృష్ణగిరి జలాశయమునకును వచ్చుచున్నది. వానలు కురిసి గేట్లు ఎత్తినప్పుడు కెలవరపల్లి దిగువన తెల్లని నురుగు కొండలవలె లేచి, రోడ్డులను, పొలములను క్రమ్ముటను మనము కన్నులార చూచుచునే యున్నాము. మండిన నీటి చుట్టము మన మడిలో పారుచున్నది. పూర్వము పల్లెచెరువులో ఒక రాత్రి గోరంత వెలుగు కదలిన ఊరంతయు మేలుకొన్నది. నేడు చెరువు చెరువే పట్టపగలు మండిన, నది నదియే నురుగు క్రక్కిన, మనము దానిని సెల్‌ఫోనులో చూచి వ్రేలితో ప్రక్కకు నెట్టుచున్నాము. శకునము కావలసినవారికి ఇంతకంటె పెద్ద శకునమేది? దీని ఫలము చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. దీనికి శాంతి పూజ కాదు. మురుగును శుద్ధిచేసి గాని నదిలో విడువరాదని ఇరు రాష్ట్రముల అధికారులకు అర్జీలు పెట్టుట, పెట్టిన అర్జీ వెంట తిరుగుట.

కడపటి మాట భాషను గూర్చి. 2006లో తమిళ అధ్యయన చట్టము వచ్చిన పిమ్మట మన పిల్లలకు బడిలో తెలుగు కుంచించుకొని పోవుచున్నదని మనమందరము వాపోవుచున్నాము; ఆ బాధ న్యాయమైనదే. బడిలో తగ్గినకొలది ఇంటి తెలుగునకు బరువు పెరిగినది. ఆ ఇంటి తెలుగులో మనము పిల్లలకు ఏమి చెప్పుచున్నాము? దయ్యము తెలుగులో చెప్పుచున్నాము. వాయువు ఇంగ్లీషులో నేర్చుకొనుమనుచున్నాము. దిష్టి తెలుగులో, వైద్యము ఇంగ్లీషులో. శకునము తెలుగులో, కారణము ఇంగ్లీషులో. ఇట్లు పెరిగిన బిడ్డ తెలుగును భయపు భాషగాను, ఇంగ్లీషును బుద్ధి భాషగాను ఎంచినచో తప్పెవరిది? చట్టము మన భాషను బడిలోనుండి తగ్గింపగలదు గాని, బుద్ధిలోనుండి తగ్గింపజాలదు. ఆ పని మనమే చేసికొనుచున్నాము.

కావున కొరివి దయ్యపు కథను విడువుమని మేము చెప్పము. అవ్వలారా, అమ్మలారా, ఆ కథను తప్పక చెప్పుడు. అందులో మన మొరసునాటి చెరువులు, వంకలు, గట్టులు, తుప్పలు, చిమ్మచీకట్లు, మంచి తెలుగు మాటలు ఎన్నియో కలవు. అవి పోయిన మరల దొరకవు. కథ ముగిసిన పిమ్మట, 'అది చెరువు బురదలో పుట్టిన వాయువురా నాయనా, మన గోబరు గ్యాసు వంటిదే' అను మాటను కూడ అదే తెలుగులో చెప్పుడు. సంఘమువారికి మా మనవి ఏమనగా, పండుగల సభలలో పద్యపఠన పోటీలతోపాటు ఇట్టి విషయములపై తెలుగులో ఉపన్యాస పోటీలు కూడ పెట్టుడు. ఇకమీదట ఎవరైనను వెలుగు చూచితిమని వచ్చినచో, ఏ ఇంటి వైపు పోయినదని అడుగక, ఏ చెరువుపై కనబడినది, ఆ చెరువులో ఏమి కలిసినది, దానికి పూడిక తీసి ఎన్నాళ్ళైనది అని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు వెదకుచు నలుగురు పగటివేళ చెరువుగట్టు ఎక్కినచో, ఆ ఊరికి మేలు.